ఇంట్లో చెప్పులు వేసుకుంటే తప్పా?

"డాక్టరుగారూ, కొత్త ఇల్లు మాకు అచ్చిరాలేదండీ" అంది ఆవిడ కుర్చీలో కూర్చుంటూనే.

సోమవారం ఓపీ. వరండా నిండా జనం. ఆవిడకి నలభై ఎనిమిదేళ్ళుంటాయి. భర్త ఆర్టీసీలో ఉద్యోగి, ఎక్సరే కవరు పట్టుకుని వెనకాల నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళు అద్దె ఇళ్ళల్లో గడిపి, అప్పు చేసి ఇల్లు కట్టుకున్నారు. గృహప్రవేశమై ఎనిమిది నెలలయింది. మూడో నెల నుంచి ఆవిడకి కుడికాలి మడమ నొప్పి. తెల్లవారి మంచం దిగి కాలు కింద పెట్టగానే మేకు దిగినట్టుంటుందిట. గోడ పట్టుకుని నాలుగడుగులు వేస్తే కాస్త సర్దుకుంటుంది. మళ్ళీ సాయంత్రమయ్యేసరికి మొదలు. వాస్తు చూపించారు. ఒక కిటికీ మూయించి ఇంకోచోట పెట్టించారు. మందుల షాపులో నొప్పి బిళ్ళలు కొనుక్కుని రెండు నెలలు మింగారు. మడమ నొప్పి పోలేదు సరికదా, కడుపులో మంట వచ్చి చేరింది.

"ఇంట్లో నేల ఏం వేయించారమ్మా?" అని అడిగాను.

ఆవిడ ముఖం వెలిగింది. "టైల్సండీ. పెద్ద పలకలు. అద్దంలా మెరుస్తాయి. వంటింట్లో గ్రానైటు వేయించాం."

"ఇంట్లో తిరిగేటప్పుడు చెప్పులు వేసుకుంటారా?"

ఆవిడ నన్ను వింతగా చూసింది. "అదేమిటండీ! దేవుడి గది ఉన్న ఇంట్లో చెప్పులా? మా అత్తగారు ఊరుకుంటారా?"

రోగం సగం అక్కడే తెలిసిపోయింది. ఇలాంటి వాళ్ళు నా దగ్గరకి వారానికి నలుగురైదుగురు వస్తున్నారు. రాకుండా ఓర్చుకునే వాళ్ళు ఎందరో! అందుకే ఈ వారం మడమల సంగతీ, ఇంట్లో వేసుకునే చెప్పుల సంగతీ మాట్లాడుకుందాం.

నేలలు మారాయి, పనులూ మారాయి

మా చిన్నప్పుడు పల్లెలో మాది మట్టి నేల. పండక్కీ పబ్బానికీ పేడతో అలికేవాళ్ళు. కాలికి కాస్త మెత్తగా ఉండేది. ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో సున్నపు గచ్చులు ఉండేవి. తర్వాత బండలొచ్చాయి. కోస్తా, రాయలసీమల్లో కడప బండలు, బేతంచర్ల బండలు. తెలంగాణలో తాండూరు, షాబాదు బండలు. ఇప్పుడు గుజరాత్‌లోని మోర్బీ నుంచి లారీలకెత్తి వచ్చే విట్రిఫైడ్ టైల్సు, చీమకుర్తి నల్ల గ్రానైటు, రాజస్థాన్ పాలరాయి.

అయితే నేరమంతా నేల మీదే మోపితే న్యాయం కాదు. కడప బండ మాత్రం మెత్తనిదా? మారింది నేల ఒక్కటే కాదు, ఆ నేల మీద మనం పనిచేసే తీరు. మా అమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని వండేది. కత్తిపీట ముందు కూర్చుని కూర తరిగేది. రోటి దగ్గరా కూర్చునేది, అంట్ల దగ్గరా కూర్చునేది. చాకిరీ ఇప్పటికంటే ఎక్కువే గాని, ఒకేచోట నిలబడి చేసే పని తక్కువ. గ్యాసు పొయ్యితోపాటు వంటగట్టు వచ్చింది. సింకు వచ్చింది. ఇల్లాలు పొద్దున్నే గట్టు ముందు నిలబడిందంటే కాఫీలు, టిఫిన్లు, క్యారేజీలు, అంట్లు, మళ్ళీ రాత్రి వంట. అన్నీ కలిపితే రోజుకి అయిదారు గంటలు రాతి మీద ఉత్త కాళ్ళతో నిలబడ్డట్టే. నడిచేవారి పాదానికి ఒక అడుగు పని, ఒక అడుగు విశ్రాంతి. నిలబడ్డవారి పాదానికి ఆ విశ్రాంతి కూడా లేదు.

పాదం లోపల ఏముంది?

ఒక్కో పాదంలో 26 ఎముకలున్నాయి. రెండు పాదాలకీ 52. పెద్దవాళ్ళ శరీరంలో మొత్తం ఎముకలు 206. అంటే నాలుగో వంతు పాదాల్లోనే ఉన్నాయన్నమాట!

మడమ ఎముక కింద ప్రకృతి ఒక దిండు పెట్టింది. తేనెపట్టు గదుల్లాంటి చిన్న చిన్న గదుల్లో కొవ్వు కూరిన దిండు అది. మందం రెండు సెంటీమీటర్ల లోపు. మనం వేసే ప్రతి అడుగు దెబ్బనీ ముందు కాసుకునేది ఇదే. వయసు పైబడే కొద్దీ దీనిలో సాగే గుణం తగ్గుతుంది. కొందరికి పలచబడిపోతుంది కూడా. అప్పుడు గట్టి నేల మీద నడిస్తే మడమ మధ్యలో, ఎముకే నేలకి తగులుతున్నట్టు నొప్పి పెడుతుంది.

రెండోది, మడమ ఎముక నుంచి కాలివేళ్ళ మొదళ్ళ దాకా అరికాలి పొడుగునా సాగే బలమైన పట్టీ. పాదం విల్లనుకుంటే ఈ పట్టీ దాని అల్లెతాడు. పాదానికి ఉన్న వంపు నిలబడేది దీనివల్లనే. గంటల తరబడి నిలబడినా, బరువు పెరిగినా, పిక్క కండరాలు బిగుసుకున్నా ఈ తాడు మడమ ఎముకని పట్టుకున్న చోట లాగుడు ఎక్కువవుతుంది. అక్కడ పోగులు అరుగుతాయి. దీన్నే ప్లాంటార్ ఫేషియైటిస్ అంటారు. నూటికి ఎక్కువపాళ్ళు మడమ నొప్పులు ఇవే. నలభై, అరవై ఏళ్ళ మధ్య వాళ్ళలో ఎక్కువ. ఇల్లాళ్ళకే కాదు, టీచర్లకీ, నర్సులకీ, బట్టల షాపుల్లో పనిచేసే వాళ్ళకీ, ట్రాఫిక్ పోలీసులకీ వస్తుంది.

పొద్దున్నే మొదటి అడుగు ఎందుకంత నొప్పి? రాత్రి పడుకున్నప్పుడు పాదం కిందికి వాలి ఉంటుంది. తాడు వదులుగా ముడుచుకుని ఉంటుంది. లేస్తూనే ఒంటి బరువంతా వేసేసరికి అది ఒక్కసారిగా లాగబడుతుంది. నాలుగడుగులు వేశాక సాగి, కొంత సర్దుకుంటుంది. ఈ లక్షణం ఉంటే రోగం పేరు చెప్పడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కితే రోగి ఉలిక్కిపడతాడు. అంతే.

'ఎముక పెరిగింది' అని భయపడకండి

ఎక్సరేలో మడమ ఎముకకి ముల్లులాంటి కొస కనిపిస్తుంది. "ఎముక పెరిగిందిట, కోయించాలిట" అని ఏడుస్తూ వస్తారు. ఏ నొప్పీ లేని వాళ్ళకి ఎక్సరే తీసినా చాలామందిలో ఆ ముల్లు కనిపిస్తుంది. అది నొప్పికి కారణం కానక్కర్లేదు. ముల్లు అలాగే ఉండగానే నొప్పి పోయిన వాళ్ళు కోకొల్లలు. పదిమందిలో ఎనిమిది, తొమ్మిది మందికి ఆపరేషనేమీ లేకుండా ఏడాదిలోగా తగ్గిపోతుంది. కావలసింది ఓపికా, చెప్పులూ, చిన్న వ్యాయామమూను.

ఎలాంటి చెప్పులు కొనాలి?

ఇంట్లో వేసుకోవడానికే కదా అని చాలామంది అరిగిపోయిన పాత హవాయి చెప్పులు తీస్తారు. వేసుకున్నా ఒకటే, మానినా ఒకటే. కొట్టుకి వెళ్ళినప్పుడు ఈ సంగతులు చూడండి.

ఒకటి: బొటనవేలితో మడమ చోట గట్టిగా నొక్కండి. కొద్దిగా లోపలికి దిగి, వేలు తీయగానే పైకి లేవాలి. రాయిలా ఉంటే వద్దు. స్పాంజిలా అడుగుదాకా దిగిపోయినా వద్దు. అలాంటివి కొట్లో హాయిగా ఉంటాయి, నెల తిరిగేసరికి అట్ట అయిపోతాయి.

రెండు: చెప్పుని రెండు చేతులతో పట్టుకుని వంచండి. వేళ్ళు వంగే చోట వంగాలి. నడుము దగ్గర రెండుగా మడతపడిపోతే పాదం వంపుకి ఆసరా ఇవ్వదు. తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పితే సులువుగా తిరిగిపోకూడదు.

మూడు: మడమ వైపు వేళ్ళ వైపు కంటే ఒకటి రెండు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటే మంచిది. పూర్తి చదునుగా ఉన్నవీ, మరీ ఎత్తు మడమలవీ రెండూ పనికిరావు. లోపల వంపు దగ్గర కొద్దిగా ఉబ్బెత్తుగా ఉంటే మరీ మేలు.

నాలుగు: వెనక బెల్టు ఉన్నది తీసుకోండి. బెల్టు లేని చెప్పుని జారిపోకుండా పట్టుకోవడానికి వేళ్ళు నడిచినంతసేపూ బిగించి ఉంచుతాం. అది ఇంకో శ్రమ. పెద్దవాళ్ళయితే తట్టుకుని పడిపోతారు కూడా.

అయిదు: అడుగున గాళ్ళు లోతుగా ఉండి నేలని పట్టుకోవాలి. మన టైల్సు మీద నాలుగు చుక్కల నీళ్ళు పడితే చాలు, అరవై ఏళ్ళ మనిషి తుంటి ఎముక విరగడానికి. ఉత్త మేజోళ్ళతో నున్నటి నేల మీద తిరగడం ఇంకా ప్రమాదం.

ఆరు: సాయంత్రం పూట కొనండి. పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొద్దిగా ఉబ్బుతుంది. పొద్దున్న సరిపోయింది రాత్రికి కరుస్తుంది. నిలబడి చూసుకోండి. పొడుగాటి వేలికి ముందు అరంగుళం ఖాళీ ఉండాలి. "వాడగా వాడగా సాగుతుందిలెండి" అని షాపువాడు అంటే నమ్మకండి. సాగేలోపు మీ కాలు పుండవుతుంది.

ఎమ్.సి.ఆర్. చెప్పులని వినే ఉంటారు. మైక్రో సెల్యులర్ రబ్బరు. సన్నటి గాలి బుడగలతో నిండి, మెత్తగా ఉండీ త్వరగా అణిగిపోని రబ్బరు ఇది. తమిళనాడులోని వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు కుష్ఠు రోగుల స్పర్శ లేని పాదాలకి పుళ్ళు పడకుండా చూడడానికి ఏళ్ళ తరబడి చేసిన కృషితో ఈ రకం పాదరక్షలు మన దేశంలో వ్యాపించాయి. కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో ప్రభుత్వం వీటిని ఉచితంగా ఇస్తూంది. ఆ కారణానే కొందరు "అవి వాళ్ళవి కదండీ" అని జంకుతారు. ఎంత వెర్రి! స్పర్శ లేని పాదాన్ని కాపాడిన చెప్పు మీ నొప్పి పాదానికి మేలు చేయదా? ఇప్పుడు పెద్ద ఊళ్ళల్లో చెప్పుల కొట్లల్లో, కృత్రిమ అవయవాలు అమ్మే చోట్లా దొరుకుతున్నాయి. అవి దొరక్కపోతే దిగులు లేదు. పైన చెప్పిన ఆరు గుణాలూ ఉన్న ఏ చెప్పయినా చాలు. కంపెనీ పేరుకీ, ధరకీ రోగం లొంగదు.

బొడిపెలున్న 'ఆక్యుప్రెషర్' చెప్పులు మడమ నొప్పికి పనిచేస్తాయని నేను చెప్పలేను. షుగరు ఉన్న వాళ్ళు మాత్రం వాటి జోలికి పోనే కూడదు. ఇంట్లో చెప్పుల్ని ఏడాదికో, అడుగు అరిగినప్పుడో మార్చండి. మడమ చోట గుంట పడితే దాని ఆయువు తీరినట్టే.

మరి ఆచారమో?

ఇది తేలిగ్గా తీసిపారేసే మాట కాదు. ఇంట్లోకి చెప్పులు రానివ్వకూడదన్న మన పెద్దల మాటలో ఆరోగ్యముంది. వీధిలోని పేడా, ఉమ్మీ, బురదా వంటింట్లోకి రాకూడదనే కదా! ఆ మాటని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే గడప దాటని చెప్పులకి ఆ దోషం ఎక్కడిది? కొట్లోంచి కొని తెచ్చి, కడిగి, ఇంట్లోనే వాడే చెప్పుల జత వీధి మొహం చూడదు. వారానికోసారి సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టుకోండి. వీధి చెప్పులతో కలిపి పెట్టకండి. దేవుడి గది గడప దగ్గర విడిచి లోపలికి వెళ్ళండి. పూజ పది నిమిషాలు ఉత్త కాళ్ళతో చేస్తే మడమకేమీ కాదు.

వంటింట్లో కూడా కుదరదంటారా? సరే, దానికీ మార్గముంది. గట్టు ముందు మందపాటి రబ్బరు చాప పరచుకోండి. అదీ లేకపోతే శుభ్రమైన గోనెపట్టా నాలుగు మడతలు పెట్టి, అడుగున జారకుండా చూసుకుని దాని మీద నిలబడండి. జానెడు ఎత్తు పీట ఒకటి పక్కన పెట్టుకుని కాసేపు ఒక కాలు, కాసేపు ఇంకో కాలు దాని మీద ఉంచండి. కూరలు తరగడం, పప్పు ఏరడం, వెల్లుల్లి ఒలవడం నిలబడి చేయాలని ఏ శాస్త్రంలోనూ లేదు. కూర్చుని చేయండి. ఇంటిల్లిపాదీ తలో పనీ అందుకుంటే అది అన్నిటికంటే మంచి మందు. ఈ మాట ముఖ్యంగా మగవాళ్ళకి చెబుతున్నాను.

మంచం మీదే మొదలెట్టండి

ఈ రెండు వ్యాయామాలకి పైసా ఖర్చు లేదు. మొదటిది పొద్దున్న కాలు నేల మీద పెట్టక ముందే చేయాలి. మంచం అంచున కూర్చుని, నొప్పి కాలుని రెండో మోకాలి మీద వేసుకోండి. చేత్తో కాలివేళ్ళని మీవైపుకి లాగి, పది లెక్కపెట్టి వదలండి. అరికాలి పట్టీ తాడులా బిగిసినట్టు రెండో చేతికి తెలియాలి. ఇలా పదిసార్లు. రోజుకి మూడుమార్లు.

రెండోది పిక్కలకి. గోడకి రెండు చేతులూ ఆనించి, నొప్పి కాలు వెనక్కి పెట్టి, మోకాలు వంచకుండా, మడమ నేలకి ఆనించి ముందుకి వంగండి. పిక్క లాగుతుంది. ముప్ఫై లెక్కపెట్టండి. ఒక్కో కాలికి మూడుసార్లు.

సాయంత్రం నొప్పిగా ఉంటే చిన్న నీళ్ళ సీసా ఫ్రిజ్‌లో గడ్డకట్టించి, గుడ్డ చుట్టి, అరికాలి కింద పెట్టుకుని అయిదు నిమిషాలు దొర్లించండి. షుగరు వల్ల స్పర్శ తగ్గిన వాళ్ళు ఇది చేయకూడదు.

ఇవి మొదలుపెట్టి వారం రోజులకే "తగ్గలేదండీ" అని వస్తారు. పట్టీ అరగడానికి నెలలు పట్టింది, అతుక్కోవడానికీ నెలలే పడుతుంది. ఆరు వారాలు మానకుండా చేసి అప్పుడు చెప్పండి.

నొప్పి బిళ్ళలు అరుగుదలని బాగుచేయవు, నొప్పిని కాసేపు కప్పుతాయి. నెలల తరబడి సొంతంగా వాడితే కడుపులో పుళ్ళు పడతాయి, రక్తపోటు పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మడమలోకి స్టెరాయిడ్ ఇంజక్షన్ కొందరికి కొన్ని వారాలు ఉపశమనం ఇస్తుంది. మాటిమాటికీ చేయించుకుంటే పట్టీ తెగే ప్రమాదముంది, దిండు కరిగే ప్రమాదమూ ఉంది. అది ఆఖరి మాటల్లో ఒకటి, మొదటి మాట కాదు.

వేడి ఇటుక

ఇప్పుడు చెప్పబోయేది నాకు సిగ్గుగా ఉన్న విషయం. అయినా పదిమందికి పనికొస్తుందని చెబుతున్నాను.

మడమ నొప్పికి మన ఇళ్ళల్లో ఒక వైద్యముంది. ఇటుకని నిప్పుల మీద కాల్చి, దాని మీద జిల్లేడు ఆకులు వేసి, మడమతో తొక్కుతారు. మా అమ్మకి అప్పటికి పన్నెండేళ్ళుగా షుగరు. "మడమలు నొప్పిగా ఉన్నాయిరా అబ్బాయ్" అని రెండు మూడుసార్లు అంది. "వయసు వచ్చింది కదమ్మా, మామూలే" అన్నాను. రోజుకి వందమంది పాదాలు చూసే డాక్టర్ని, తల్లి పాదం ఒక్కసారి చేత్తో పట్టుకుని చూడలేదు.

ఒకరోజు ఎవరో చెప్పారని ఇటుక కాల్చుకుని తొక్కింది. వేడి తెలియలేదు. "చల్లారిపోయిందేమో" అని ఇంకా గట్టిగా తొక్కింది. మర్నాడు పనిమనిషి చూసి చెప్పేదాకా మడమ కాలిన సంగతి అమ్మకి తెలియదు. షుగరు వల్ల స్పర్శ ఎప్పుడో పోయింది. ఆ పుండు మానడానికి ఏడు నెలలు పట్టింది. ఎముకకి సోకలేదు కనక కాలు దక్కింది. ఆ ఏడు నెలలూ నేనే కట్టు కట్టాను. అమ్మ ఒక్కమాట అనలేదు.

అందుకని షుగరు ఉన్న వాళ్ళందరికీ చేతులు జోడించి చెబుతున్నాను. మీకు ఇంట్లో చెప్పులు సుఖానికి కాదు, రక్షణకి. మంచం దిగిన దగ్గర్నుంచి మళ్ళీ మంచం ఎక్కేదాకా, స్నానాల గదికి వెళ్ళినా సరే, ఉత్త కాళ్ళతో నడవకండి. వేళ్ళు మూసి, మడమ దగ్గర బెల్టు ఉన్న మెత్తటి చెప్పులు వేసుకోండి. వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి చూడండి. చిన్న రాయి, పిన్నీసు ఏదైనా ఉండవచ్చు. రోజూ రాత్రి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. వంగలేకపోతే నేల మీద అద్దం పెట్టుకుని చూడండి, లేదా పిల్లల్ని చూడమనండి. వేడి కాపడాలు, వేడినీళ్ళ తొట్లు వద్దు. ఆనెలని బ్లేడుతో కోసుకోవద్దు. ఏడాదికోసారయినా డాక్టరు చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాను పోగుతో అరికాలు తాకి చూస్తారు. రెండు నిమిషాల పని. ఒక కాలు విలువ.

ఎప్పుడు డాక్టరు దగ్గరకి పరిగెత్తాలి?

మడమ ఎర్రబడి వేడిగా వాచినా, జ్వరం ఉన్నా. దెబ్బ తగిలాక కాలు మోపలేకపోయినా. పడుకున్నప్పుడు కూడా నొప్పి వదలకపోయినా. తిమ్మిర్లు, మంటలు ఉన్నా. షుగరు రోగికి చిన్న బొబ్బ లేచినా ఆలస్యం చేయకండి. ముప్ఫై, ముప్ఫై అయిదేళ్ళ లోపు వాళ్ళకి రెండు మడమలూ నొప్పిగా ఉండి, పొద్దున్న లేవగానే నడుము అరగంటకి పైగా బిగుసుకుపోతూంటే అది వేరే కీళ్ళ వాతం కావచ్చు. చూపించుకోవాలి. ఆరు వారాల సొంత శ్రద్ధకి లొంగని నొప్పినీ చూపించుకోవాలి.

మొదట చెప్పిన ఆవిడ మూడు నెలల తర్వాత వచ్చింది. నొప్పి రూపాయిలో పావలా వంతు మిగిలిందిట. బిళ్ళలు మానేశాక కడుపు మంట పోయింది. నాలుగు కిలోలు బరువు కూడా తగ్గింది. "మరి మీ అత్తగారు ఏమన్నారమ్మా?" అని అడిగాను. "మొదట నెలరోజులు మాట్లాడలేదండీ. దేవుడి గది బయట విడుస్తున్నానని చూశాక ఊరుకున్నారు. వంటింట్లోకి మాత్రం ఇప్పటికీ వద్దంటారు. అక్కడ చాప వేసుకున్నాను" అంది.

అది చాలు. "మీ అత్తగారికి షుగరు ఉందా?" అన్నాను. ఉందిట. ఈసారి ఆవిణ్ణి కూడా వెంట తీసుకురమ్మన్నాను.

పాఠకుల ప్రశ్నలు

ఒక సోదరి, ఏలూరు: అయిదో నెల గర్భిణిని. సాయంత్రానికి అరికాళ్ళు నొప్పి, వాపు. ఇంట్లో చెప్పులు వేసుకోవచ్చా?

జవాబు: తప్పకుండా వేసుకోండమ్మా. గర్భిణికి బరువు పెరుగుతుంది, కీళ్ళ బంధాలు వదులవుతాయి. పాదం కొద్దిగా వెడల్పవుతుంది కూడా. అందుకని పాత కొలత చూడకుండా కొత్తగా కొలిపించుకుని, జారని అడుగున్నవి కొనుక్కోండి. కూర్చున్నప్పుడు కాళ్ళు ఎత్తు మీద పెట్టుకోండి. వాపు ముఖానికీ చేతులకీ వచ్చినా, తలనొప్పి ఉన్నా, కళ్ళు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి రక్తపోటు చూపించుకోండి.

ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం: పావుకోళ్ళు వేసుకుంటే పాదాలకి బలమంటారు. నిజమేనా?

జవాబు: పావుకోళ్ళు కర్రవి. వంగవు, దెబ్బనీ కాసుకోవు. టైల్సు మీద కర్ర అడుగు జారుతుంది. పీఠాల మీద పూజకి ఉంచండి. కాళ్ళకి మెత్తటి రబ్బరు చెప్పులు చాలు.

ఒక పాఠకుడు, బరంపురం: డెబ్బై ఏళ్ళ మా నాన్నగారికి మెత్తటి చెప్పులు కొనిచ్చాను. వేసుకుంటే తూలుతున్నానంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన చెప్పింది నిజమే అయి ఉంటుంది. మరీ మెత్తగా, మందంగా ఉన్న చెప్పులు వేసుకుంటే నేల సరిగా తెలియక పెద్దవాళ్ళు తూలుతారు. అడుగు పలచగా, కాస్త గట్టిగా ఉండి, మడమ దగ్గర పట్టు, బెల్టు ఉన్నవి మార్చి ఇవ్వండి. ఒకసారి షుగరు, విటమిన్ బి12 పరీక్షలు చేయించి, కళ్ళు కూడా చూపించండి. తూలడం చెప్పులు విప్పినా ఉంటే తప్పు చెప్పులది కాదు. ముందు ఈ రాత్రికే ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దీపం వెలుతురులో ఆయన అరికాళ్ళు మీరే స్వయంగా చూడండి.